స్కూటర్ కింద దాగిన సీను

ఐసు గది తలుపు మూసుకుంది. పొడుగాయన గొళ్ళెం పెట్టాడు. పొట్టాయన చేతులు దులుపుకుని, "భోజనం చేసొద్దాం పద. ఈలోపు మెత్తబడతాడు," అన్నాడు.

ఇప్పుడు తెర మీదికి అక్క స్కూటర్ తోసుకుంటూ రావాలి.

రాలేదు.

తమ్ముడు హెడ్‌ఫోన్లు సర్దుకుని కుర్చీలో ముందుకు జరిగాడు. పాత సినిమాలకు సబ్‌టైటిల్స్ రాయడం అతని ఉద్యోగం. ఈ సినిమా మాత్రం అతనికి పని కాదు, పండగ. చిన్నప్పుడు ఇంట్లో ఉన్న ఒకే ఒక్క క్యాసెట్ ఇది. ఇద్దరు పనివాళ్ళు తమ యజమానిని చల్లటి గదిలో పెట్టి బెదిరించి, ఐసు ఫ్యాక్టరీ తమ పేర రాయించుకునే కథ. నేరానికి నేరం, నవ్వులకు నవ్వులు. ప్రతి డైలాగూ నోటికి వచ్చు.

అయితే ఇంట్లో ఉన్న క్యాసెట్‌లో సరిగ్గా ఇక్కడ బొమ్మ ఒకసారి వణికి, అక్క స్కూటర్ నేర్చుకుంటున్న వీడియో వచ్చేది. బాబాయి ఎవరినో అడిగి కెమెరా తెచ్చి, చూసుకోకుండా దాన్ని సినిమా మీదే ఎక్కించేశాడని ఇంట్లో చెప్పుకునేవారు. అక్క స్కూటర్ ఎక్కడం, పడటం, లేచి కెమెరా వైపు గుడ్లురమడం, మళ్ళీ ఎక్కడం, మళ్ళీ పడటం. చివరికి వీధి మలుపు దాకా పడకుండా వెళ్ళిపోవడం. ఆ వెంటనే సినిమా మళ్ళీ అందుకునేది. యజమాని దుప్పటి కప్పుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, ఊగే కుర్చీలో బుద్ధిగా కూర్చుని ఉంటాడు. "ఫ్యాక్టరీ వీళ్ళకి ఇచ్చేయడం మీకిష్టమేనా?" అని లాయరు అడుగుతాడు. "నాకేం అభ్యంతరం లేదు," అని సన్నటి గొంతుతో జవాబొస్తుంది. సంతకం పడిపోతుంది.

ఆ సన్నగొంతు వాళ్ళ కుటుంబ ఆస్తి. కూర మాడినా, కరెంటు పోయినా ఎవరో ఒకరు "నాకేం అభ్యంతరం లేదు" అనాల్సిందే. పక్కింట్లో పెరిగి, వీళ్ళతో కలిసి ఆ క్యాసెట్ అరిగిపోయేలా చూసిన బావని, అక్కని చేసుకోవడం ఇష్టమేనా అని పెద్దవాళ్ళు అడిగినప్పుడు అతనూ అదే గొంతుతో అదే మాట అన్నాడు. అందరూ నవ్వారు. పెళ్ళి ఖాయమైపోయింది.

ఇప్పుడు కంపెనీ పంపిన ఈ కొత్త కాపీలో స్కూటర్ లేదు. పొడుగాయన, పొట్టాయన మెట్ల మీద కూర్చుని క్యారేజీ విప్పుతున్నారు. లోపలినుంచి ఎవరో తలుపు మీద తడుతున్నారు.

"ఇంకా గట్టిగానే ఉన్నాడు," అన్నాడు పొట్టాయన నములుతూ.

తమ్ముడు నవ్వుకుంటూ ఆ వాక్యం టైప్ చేశాడు. తట్టడం కాస్త నెమ్మదించింది. "మెత్తబడుతున్నాడు," అన్నాడు పొడుగాయన. చివరి ముద్ద నువ్వు తినమంటే నువ్వు తినమని ఇద్దరూ మర్యాదలు చేసుకున్నారు. చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. "చూశావా, నే చెప్పలే?" అని చేతులు కడుక్కుని, పళ్ళు కుట్టుకుంటూ వచ్చి తలుపు తీశారు.

యజమాని తలుపుకి ఆనుకునే ఉన్నాడు. తీయగానే నిలువునా ముందుకు పడ్డాడు. ఎక్కడా వంగలేదు.

తమ్ముడి వేళ్ళు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

తర్వాత ఊగే కుర్చీ వచ్చింది. దుప్పటి వచ్చింది. నల్లకళ్ళద్దాలు దేనికో తెలిసింది. పొట్టాయన కుర్చీ వెనక అతుక్కుని నిలబడి, దుప్పటి కిందనుంచి చెయ్యి దూర్చి, బిగుసుకుపోయిన వేళ్ళ మధ్య కలం ఇరికించాడు. ఆ సన్నగొంతు యజమానిది కాదు. పొట్టాయనది.

ఇన్నేళ్ళూ ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వింది ఒక శవాన్ని చూసి.

సినిమా ఆపేశాడు. లేచాడు. కూర్చున్నాడు. ఏదో గుర్తు రావాలి, రావడం లేదు. గుర్తొచ్చాక కుర్చీ వెనక్కి పడిపోయేంత వేగంగా మళ్ళీ లేచాడు.

బావ.

బావ ఓ కోల్డ్ స్టోరేజిలో సూపర్‌వైజరు. గడ్డకట్టించిన బఠాణీలు నిలవచేసే పెద్ద గదికి లోపలి గడియ ఎప్పుడో విరిగింది. పొరపాటున తలుపు పడితే లోపలివాడు లోపలే. ఆ మధ్య అలాగే ఓ లోడింగ్ మనిషి ఇరుక్కుపోయాడు. నడకని బట్టి అందరూ అతన్ని తాబేలు అంటారు. బావ వెతుక్కుంటూ వెళ్ళి తలుపు తీస్తే, సణుక్కుంటూ బయటికొచ్చాడు. గడియ బాగుచేయించమని అడిగితే ఓనరు, "వాడు లోపల కునుకు తీసి ఉంటాడు," అని తేల్చేశాడు. ఆ మాట బావకి ముల్లులా దిగింది.

మొన్న ఆదివారం అక్కావాళ్ళింట్లో భోజనాల దగ్గర, మన సినిమా నా చేతికి వచ్చిందని తమ్ముడు చెప్పగానే, అందరూ పోటీలు పడి డైలాగులు వల్లించారు. బావ ఒక్కడే గడియ గురించి గొణుగుతూ కూర్చున్నాడు. "ఆయన్నే ఓసారి లోపల పెట్టి మీరు భోజనానికి వెళ్ళండి బావా. వచ్చేసరికి మెత్తబడతాడు," అన్నది ఎవరో కాదు, తమ్ముడే. అందరూ నవ్వారు. బావ మాత్రం తినడం ఆపి గోడకేసి చూశాడు.

ఈ ఉదయం బావ నుంచి మెసేజ్ వచ్చింది. "మధ్యాహ్నం మన సినిమా. వేదిక: బఠాణీల గది. తారాగణం: నేను, తాబేలు, ఓనరు." జవాబుగా తమ్ముడు నవ్వే బొమ్మలు వరసగా పంపాడు.

బావకి ఫోన్ చేశాడు. స్విచాఫ్. సినిమాలో పొట్టాయన మొదట చేసే పని ఫోను తీగ పీకడం. బావ ఏ సీనూ వదిలే రకం కాదు. ఆఫీసు నంబరు మోగి మోగి ఊరుకుంది. భోజనాల వేళ.

అక్కకి చేశాడు. స్కూటర్ మీదనుంచి అన్నిసార్లు పడిన మనిషి ఇప్పుడు ఊరందరికీ డ్రైవింగ్ నేర్పుతోంది.

"అక్కా, ఎక్కడున్నావు?"

"మీ ఆఫీసు వెనక రోడ్డులోనే. టీచరు గారికి రివర్సు నేర్పుతున్నాను. ఏంట్రా ఆ ఆయాసం?"

"మన సినిమాలో నీ స్కూటర్ ఉంది చూడు, ఆ చోట... అక్కడ అతను చచ్చిపోతాడు."

"తెలుసు," అంది అక్క.

"తెలుసా?"

"అది తర్వాత. ఇప్పుడెందుకొచ్చింది ఆ గొడవ?"

చెప్పాడు. చెప్పడం పూర్తికాకముందే, "గేటు దగ్గర నిలబడు," అని పెట్టేసింది.

కారు వచ్చేసరికి స్టీరింగ్ ముందు అక్క, వెనక సీట్లో చేతిసంచీని గుండెలకి అదుముకుని ఓ పెద్దావిడ. రిటైరైన టీచరు. దిగమంటే, డబ్బు కట్టిన క్లాసు పూర్తి కాలేదని దిగలేదట.

"ఆ ఓనరు ఒంటిమీద కోటుందా?" అక్క గేరు మారుస్తూ అడిగింది.

"ఎక్కడిది? ఎప్పుడూ పల్చటి తెల్లచొక్కాలో తిరిగే మనిషి. ఆ రోజు తాబేలుకి కోటుంది, గ్లౌజులున్నాయి, బూట్లున్నాయి. అందుకే సణుక్కుంటూ వచ్చాడు. బావ ఆ తేడా ఆలోచించి ఉండడు."

"ఎందుకు ఆలోచిస్తాడు? మెత్తబడతాడని చిన్నప్పటినుంచీ చూస్తున్నాడుగా."

"ఎవరమ్మా చచ్చిపోయింది?" టీచరు వెనకనుంచి అడిగింది.

"సినిమాలో అండీ."

"మరి మనం ఎందుకమ్మా ఇంత జోరుగా వెళ్తున్నాం?"

"బయట ఇంకా చావలేదండీ."

టీచరు కిటికీ పక్కనున్న పిడి పట్టుకుంది. సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పడింది. అక్క ఆపింది. తమ్ముడు ముందున్న లారీని చూశాడు, దీపాన్ని చూశాడు, అక్కని చూశాడు.

"పోనీవే."

"కారు మీద నా బడి పేరుంది. వెనక సీట్లో నా స్టూడెంటు ఉంది. ఆ కాలు ఊపడం ఆపు ముందు, కారంతా అదురుతోంది."

ఆపాడు. వెంటనే రెండో కాలు మొదలైంది.

"నీకెలా తెలుసక్కా?"

"నువ్వూ చూశావురా, గుర్తులేదంతే. చాలా చిన్నవాడివి. ఆ సీను చూశాక ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళేవాడివి కాదు. లోపల ఎవరో తడుతున్నారని ఏడుపు. అమ్మేమో క్యాసెట్ పారేస్తానని కూర్చుంది. నీకు నిద్ర కావాలి, నాకు సినిమా కావాలి. బాబాయి కెమెరా తెచ్చిన రోజు, టేపుని సరిగ్గా ఆ తలుపు దగ్గరికి తిప్పి నేనే చేతికిచ్చాను. ఆ ముక్క పోయింది, నువ్వు నవ్వడం మొదలుపెట్టావు. మీ బావ అప్పటికి మనింటికి రావడమే లేదు. ఆయన చూసిందంతా స్కూటర్ ఉన్న సినిమానే."

"మరి ఇన్నాళ్ళూ బాబాయి మీద పెట్టారే?"

"బాబాయికేం అభ్యంతరం లేదు."

మామూలుగా అయితే నవ్వేవాడు. ఇప్పుడు ఆ మాట వింటే కుర్చీలోని శవమే కనిపించింది. పచ్చదీపం పడింది. అక్క లారీని ఎడమ పక్కనుంచి దాటింది.

"ఎడమ నుంచి దాటకూడదన్నారుగా మేడమ్," అంది టీచరు.

"దాటకూడదండీ. అలా దాటితే ఎంత ప్రమాదమో ఇప్పుడు చూస్తున్నారు."

కోల్డ్ స్టోరేజి ఆవరణ ఖాళీగా ఉంది. రేకుల షెడ్డు కింద రెండు ప్లాస్టిక్ డబ్బాలు బోర్లించుకుని బావ, తాబేలు కూర్చున్నారు. మధ్యలో క్యారేజీ గిన్నెలు. అచ్చం సినిమాలో లాగే. అవతల కంప్రెసర్ ఏకధాటిగా గురకపెడుతోంది. తమ్ముడు కారు దిగుతూనే చెవులు రిక్కించాడు. శబ్దాలు వినడమే అతని బతుకుతెరువు. కంప్రెసర్ కింద, దూరపు రోడ్డు రొద కింద, తలుపు తడుతున్న చప్పుడు కోసం వెతికాడు.

లేదు.

"ఏరా బామ్మర్దీ, షో టైముకి వచ్చేశావే," బావ చెయ్యి ఊపాడు. భార్యని చూసి ఊపడం ఆపాడు. "నువ్వెందుకొచ్చావు?"

"ఓనరేడీ?"

"లోపల. చల్లదనం తగ్గినట్టుంది చూడండి సార్ అన్నాం, వెళ్ళాడు. కాసేపు గట్టిగానే ఉన్నాడు. ఇప్పుడే మెత్తబడ్డాడు."

"తట్టడం మానేశాడు," అన్నాడు తాబేలు, అది శుభవార్త అన్నట్టు.

"బావా, సినిమాలో అతను చచ్చిపోయాడు," అన్నాడు తమ్ముడు.

"పిచ్చా నీకు? చచ్చినవాడు సంతకం ఎలా పెడతాడు?"

"వెనకనుంచి పొట్టాయన చెయ్యి పట్టుకుని పెట్టించాడు. ఆ గొంతు కూడా వాడిదే. నేనిప్పుడే చూశాను, మొత్తం సినిమా."

బావ నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. కళ్ళు మాత్రం కదిలాయి. కుర్చీ, దుప్పటి, నల్లకళ్ళద్దాలు, యజమాని వెనకే అతుక్కుని నిలబడిన పొట్టాయన... అన్నీ వరసగా అతని మొహం మీద నడిచి వెళ్ళడం తమ్ముడికి కనిపించింది.

"కళ్ళద్దాలు..." అన్నాడు బావ.

అప్పటికే అక్క పరిగెడుతోంది.

తలుపు రాలేదు. హ్యాండిల్ చుట్టూ మంచు పేరుకుని బిగుసుకుంది. బావ వేలాడాడు, తమ్ముడు బావని పట్టుకుని వేలాడాడు. "తప్పుకోండి," అన్నాడు తాబేలు. ఆ మనిషి అంత వేగంగా కదలడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. వెనక్కి వెళ్ళి, పరిగెత్తుకొచ్చి బూటుకాలితో హ్యాండిల్ మీద తన్నాడు. మంచు పెళ్ళలుగా రాలింది. తలుపు తెరుచుకుంది.

తెల్లటి ఆవిరి మొహాలకి కొట్టింది. తమ్ముడు అప్రయత్నంగా పక్కకి జరిగాడు, నిలువునా పడబోయేదానికి దారి ఇస్తున్నట్టు.

ఎవరూ పడలేదు.

"సార్," అన్నాడు బావ. గొంతు సన్నగా వచ్చింది.

ఆవిరి పలచబడింది. బఠాణీల పెట్టెల వరసల మధ్య ఏదో కదులుతోంది. మనిషి ఆకారమే, కానీ మనిషికి ఉండాల్సిన దానికన్నా లావుగా ఉంది. నెత్తిమీద గోనెసంచి, చొక్కాలోపల చింపి కుక్కుకున్న అట్టముక్కలు, కాళ్ళకి ప్లాస్టిక్ కవర్లు. మూలదాకా నడుస్తోంది, తిరుగుతోంది, మళ్ళీ నడుస్తోంది. వాళ్ళని చూసి కూడా ఆగలేదు. అక్క వెళ్ళి రెక్క పట్టుకుంటేగానీ ఆగలేదు.

ఎండలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. టీచరు కారులోంచి శాలువా తెచ్చి కప్పింది. తాబేలు ఫ్లాస్కులోంచి వేడి టీ పోసి, గ్లాసు జారకుండా రెండు చేతులూ తన చేతులతో పట్టుకున్నాడు. ఓనరు పెదవులు నీలంగా ఉన్నాయి. కళ్ళు ఎటో చూస్తున్నాయి. బావ కుర్చీ వెనక నిలబడి భుజాలు పట్టుకున్నాడు. తను ఎక్కడ నిలబడ్డాడో ఒక్కసారిగా తెలిసి, కాలినట్టు చేతులు తీసేసి ముందుకొచ్చాడు.

"ఆసుపత్రికి వెళ్దాం సార్," అంది అక్క.

ఓనరు తల అడ్డంగా ఊపాడు. ఇంకో గుటక తాగాడు. తర్వాత బావని చూశాడు.

"తలుపు మూశాక బయట ఏదో అన్నావు."

"ఏం లేదు సార్, సరదాకి..."

"భోజనం చేసొద్దాం, ఈలోపు మెత్తబడతాడు అన్నావు. ఆ సినిమా నేనూ చూశాను. థియేటర్లో. పూర్తిగా." పళ్ళు టకటకలాడాయి, ఆగి మళ్ళీ అందుకున్నాడు. "తట్టినవాడు ఏమయ్యాడో నాకు తెలుసు. అందుకే మొదట కాసేపు తట్టి మానేశాను. దొరికిందల్లా చుట్టుకుని నడిచాను. నన్ను చంపడానికే పెట్టారని ఆ ఒక్క మాటతో అర్థమైపోయింది. నా ఫోనివ్వండి. పోలీసుల్ని పిలవాలి."

బావ మొహంలో రక్తం లేదు. ఆ సినిమా తెలిసినవాడు ఎవడైనా ఇంకోలా అనుకోడు. గడియ కోసం చేశామంటే ఎవరు నమ్ముతారు? ఓనరు ఆఫీసు బల్ల మీద వదిలేసి వెళ్ళిన ఫోను అక్క తెచ్చి ఆయన చేతికే ఇచ్చింది.

"పిలవండి సార్. తప్పే చేశారు, కాదనను. కానీ మీరు చూసిన సినిమా వీళ్ళు చూడలేదు. వీళ్ళు చూసింది కూడా ఓసారి చూసి పిలవండి." భర్త వైపు తిరిగింది. "నీ ఫోన్ తియ్యి."

ఆ పాత క్యాసెట్‌ని తమ్ముడు ఏనాడో కాపీ చేసి ఇంట్లో అందరికీ పంచాడు. బావ ఫోన్ ఆన్ చేసి, వెతికి, ఓనరు మొహం ముందు పట్టుకున్నాడు. తలుపు మూసుకుంది. బొమ్మ వణికింది. గౌనులో ఓ బక్కపలచటి అమ్మాయి స్కూటర్ తోసుకుంటూ వచ్చింది.

అమ్మాయి ఎక్కింది. పడింది. గుడ్లురిమింది. ఓనరు మొహంలో ఏ మార్పూ లేదు. తమ్ముడు ఆయన్నే చూస్తున్నాడు. ఈ వీడియో ఇంత పొడవుందని అతనికి ఎప్పుడూ అనిపించలేదు. అమ్మాయి మళ్ళీ పడింది.

"ఎవరిది?" అన్నాడు ఓనరు.

"నేనే సార్."

"క్లచ్ ఒక్కసారిగా వదిలేస్తున్నావు."

"అవునండీ, అదే తప్పు," అంది టీచరు వెనకనుంచి తొంగిచూస్తూ. "నాకు రోజూ చెబుతారు."

అమ్మాయి వీధి మలుపు తిరిగింది. కుర్చీ, దుప్పటి, నల్లకళ్ళద్దాలు. నాకేం అభ్యంతరం లేదు. ఓనరు ఫోన్‌ని దగ్గరికి లాక్కుని, ఆ సీనుని ఆమూలాగ్రం చూశాడు.

"ఇది చూస్తే మీకు ఏ అనుమానమూ రాలేదా?"

"భయపడి బిగుసుకుపోయాడనుకున్నాం సార్," అన్నాడు బావ.

"నేనూ వీళ్ళింట్లో ఈ వీడియో చూశా సార్," అన్నాడు తాబేలు. "అడగ్గానే ఫ్యాక్టరీ ఇచ్చేశాడుగా, మంచివాడనుకున్నా."

ఓనరు గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. దగ్గో, నవ్వో తమ్ముడికి కూడా తెలియలేదు. అది చాలాసేపు ఆగలేదు. ఆగాక శాలువా అంచుతో కళ్ళు తుడుచుకుని, తన ఫోన్లో ఎవరి నంబరో వెతికి పిలిచాడు. అందరి ఊపిరీ ఆగింది.

"గడియలు బిగించే మనిషిని పంపు," అన్నాడు ఫోన్లో. "ఇప్పుడే."

ఆ మనిషి వచ్చి పని ముగించేదాకా ఓనరు కుర్చీలోంచి లేవలేదు. ఎవర్నీ వెళ్ళనివ్వలేదు. పని అయిపోయాక లేచి, తడబడే కాళ్ళతో తలుపు దగ్గరికి నడిచి, బావకి చూపుడువేలితో లోపలికి దారి చూపించాడు.

"కోటు?" అన్నాడు బావ.

"చొక్కా చాలు. గడియ పనిచేస్తే ఇప్పుడే వస్తావు."

"పనిచేయకపోతే సార్?"

ఓనరు చాపిన వేలు దించలేదు. బావ అక్కని చూశాడు, బామ్మర్దిని చూశాడు, లోపలికెళ్ళాడు. తలుపు బరువుగా పడింది. ఓనరు చేతులు దులుపుకుని, షెడ్డు కింద ఆరిపోతున్న క్యారేజీ గిన్నెల వైపు చూశాడు.

"భోజనం చేసొద్దామా?"

ఎవరూ నవ్వలేదు. తాబేలు ఓ అడుగు తలుపు వైపు వేశాడు. తమ్ముడు కళ్ళు మూసుకుని విన్నాడు. కంప్రెసర్ గురక. లోపల అడుగుల చప్పుడు. చెయ్యి ఇనుము మీద తడుముతున్న చప్పుడు. తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం ఎంతసేపు సాగిందో అతను చెప్పలేడు, అక్క గోళ్ళు అతని చేతిలో దిగబడటం మాత్రం తెలుసు.

టక్.

తలుపు తెరుచుకుంది. ఆవిరిలోంచి బావ బయటికొచ్చాడు, చేతులు చంకల్లో పెట్టుకుని, కనుబొమల మీద మంచు పొడితో.

"రేపట్నుంచి అన్ని గదులకీ ఇలాంటివే పెట్టిస్తాను," అన్నాడు ఓనరు. "బిగించిన ప్రతి గడియనీ మొదట నువ్వే లోపలికెళ్ళి ఇలాగే చూడాలి. చొక్కా మీద. ఏమంటావు?"

బావ నోరు తెరిచాడు. చలికి గొంతు పూడుకుపోయి, చిన్న పిట్టకూతలా వచ్చింది మాట.

"నాకేం అభ్యంతరం లేదు."

తాబేలు నవ్వేశాడు, ఓనరు దగ్గేశాడు, టీచరు ఎందుకో తెలియకపోయినా చప్పట్లు కొట్టింది. తమ్ముడు మాత్రం బావ వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు. అక్క భర్త దగ్గరికెళ్ళి, అతని కళ్ళలోకే చూస్తూ, రెప్ప పడేదాకా అక్కడే నిలబడింది.